డాక్టర్ హూ తొలి సీజన్: ఇద్దరు టీచర్లు, ఒక మొండి ముసలాయన

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడేది ఏడాది కూడా నిండని కాలం గురించి. 1963 నవంబరు 23 నుంచి 1964 సెప్టెంబరు 12 దాకా. ఆ మధ్యలో బీబీసీలో శనివారం సాయంత్రాలు వచ్చిన 42 ఎపిసోడ్ల గురించి. అంటే కాలంలో తిరిగే ఒక ముసలాయన కథ, డాక్టర్ హూ అనే సీరియల్ మొదటి సీజన్. 2005 తర్వాత వచ్చిన కొత్త డాక్టర్ హూ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో డాక్టర్ వేషం వేసిన డేవిడ్ టెనెంట్, మాట్ స్మిత్ పేర్లు తెలియనివాళ్లు ఈ గదిలో తక్కువ. మరి ఆ పాత బ్లాక్ అండ్ వైట్ ఎపిసోడ్లు ఎవరు చూశారు? చేతులెత్తండి. సరే, చూడనివాళ్లే ఎక్కువ. అయితే కథ కాస్త చెబుతూ వెళ్తాను. కథ ముందే తెలిసిపోతే మజా పోయే రకం సీరియల్ కాదిది, భయపడకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ సీజన్‌ను మొదటి నుంచి చివరి దాకా వరసగా చూస్తే ఇందులో హీరో డాక్టర్ కాడని తెలుస్తుంది. హీరోలు ఇద్దరు బడి టీచర్లు. ఒక సైన్సు మాస్టారు, ఒక హిస్టరీ టీచరు. మనకు తెలిసిన డాక్టర్, అంటే దయ ఉన్నవాడు, బలహీనుల పక్కన నిలబడేవాడు, 1963లో లేడు. ఆయన్ను అలా తయారుచేసింది ఆ టీచర్లిద్దరే. నా వాదన ఇదే. ఒప్పుకోవాలో వద్దో చివర్లో మీరే చెప్పండి.

ఇది ఎలా మొదలైందో చూద్దాం. బీబీసీలో డ్రామా విభాగానికి అధిపతిగా సిడ్నీ న్యూమన్ అనే ఆయన వచ్చారు. కెనడా ఆయన. అక్కడికి ముందు ఏబీసీ టెలివిజన్‌లో పనిచేశారు. శనివారం సాయంత్రం గ్రాండ్‌స్టాండ్ అనే ఆటల కార్యక్రమం అయిపోయాక, జ్యూక్ బాక్స్ జ్యూరీ అనే పాటల కార్యక్రమం మొదలయ్యే లోపు కాస్త ఖాళీ ఉండేది. ఆటలు చూసే నాన్నలు, పాటల కోసం వచ్చే కుర్రకారు, మధ్యలో చిన్నపిల్లలు, అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టే సీరియల్ ఒకటి కావాలన్నారాయన. ఊరికే వినోదం ఉంటే చాలదు, పిల్లలు ఏదో ఒకటి నేర్చుకోవాలి కూడా. అందుకే కాలంలో వెనక్కి వెళ్తే చరిత్ర పాఠం, ముందుకో మరో గ్రహానికో వెళ్తే సైన్సు పాఠం. అందుకే హిస్టరీ టీచరు, సైన్సు మాస్టారు. న్యూమన్ ఇంకో షరతు కూడా పెట్టారు. చవకబారు సైన్స్ ఫిక్షన్‌లో వచ్చే గుడ్లు మిటకరించే రాక్షసులు ఇందులో కనపడకూడదని. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

ఈ పని ఆయన ఎవరి చేతిలో పెట్టారు? వెరిటీ లాంబర్ట్ చేతిలో. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. బీబీసీ డ్రామాలో అప్పటిదాకా ఆడవాళ్లెవరూ ప్రొడ్యూసర్ కాలేదు. ఆమే మొదటి మనిషి, అందరికంటే చిన్నది కూడా. మొదటి కథకు దర్శకుడు ఎవరు? వారిస్ హుస్సేన్. మనవాడే. 1938లో లక్నోలో పుట్టారు, చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఇంగ్లండ్ వెళ్లారు, కేంబ్రిడ్జిలో చదివారు. ఆయన తల్లి అతియా హుస్సేన్, పేరున్న రచయిత్రి. డాక్టర్ హూ మొదటి ఎపిసోడ్ తీసేనాటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. మొదటి కథ రాసిన ఆంథొనీ కోబర్న్, టైటిల్ సంగీతం కట్టిన రాన్ గ్రైనర్, ఇద్దరిదీ ఆస్ట్రేలియా. చూశారా? ఇంగ్లండ్‌కే గుర్తుగా నిలిచిపోయిన ఈ సీరియల్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరిది కెనడా, ఇద్దరిది ఆస్ట్రేలియా, ఒకరిది లక్నో. వీళ్లందరినీ నడిపించింది, ఆ భవనంలో ప్రొడ్యూసర్ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం ఎవరూ ఎరగని రోజుల్లో కూర్చున్న ఓ అమ్మాయి. వేరే లోకం నుంచి వచ్చి ఇక్కడ ఇమడలేని మనుషుల కథ వీళ్ల చేతుల్లో అంత సహజంగా రావడం వెనక ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

వాళ్లకు ఇచ్చిన స్టూడియో లైమ్ గ్రోవ్‌లో స్టూడియో డి. పాత సినిమా స్టూడియో, ఇరుకు, లైట్లు వేస్తే ఉడికిపోయేంత వేడి. ఎపిసోడ్‌కి బడ్జెట్టు 2,300 పౌండ్ల దగ్గర. వారమంతా రిహార్సల్, ఒక్క సాయంత్రంలో రికార్డింగ్. అప్పట్లో వీడియో టేపు కోసి అతికించడం ఖర్చుతో కూడిన పని, అందుకని దాదాపు స్టేజీ నాటకంలాగా ఏకబిగిన ఆడేసేవాళ్లు. డైలాగు తడబడినా ఆగేది లేదు. డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ గారు మాట తడుముకోవడం మీకు అక్కడక్కడ కనిపిస్తుంది. అది చూసి నవ్వేవాళ్లున్నారు. నేను మాత్రం నవ్వలేను. 25 నిమిషాల నాటకాన్ని వారానికొకటి చొప్పున, దాదాపు ఏడాదిపాటు, ఆ వేడిలో ఆడిన మనిషి ఆయన.

మొదటి ఎపిసోడ్‌ని రెండుసార్లు తీశారు, ఈ సంగతి తెలుసా? 1963 సెప్టెంబరు 27న ఒకసారి తీశారు. న్యూమన్ చూసి కుదరదన్నారు. టార్డిస్, అంటే డాక్టర్ కాలంలో తిరిగే ఓడ, దాని తలుపులు సరిగ్గా మూసుకోలేదు, చప్పుడు చేస్తూ కొట్టుకున్నాయి. కానీ ఆయన అసలు అభ్యంతరం అది కాదు, డాక్టర్ మరీ కర్కశంగా ఉన్నాడని. మళ్లీ తీయమన్నారు. అక్టోబరు 18న మళ్లీ తీశారు. అదృష్టంకొద్దీ మొదటిసారి తీసింది కూడా మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. కథ అదే, మాటలు చాలావరకు అవే. మొదటిదాంట్లో డాక్టర్ మామూలు సూటు, టై వేసుకుని కస్సుబుస్సులాడతాడు. రెండోదాంట్లో పాతకాలపు కోటు, మెడకు స్కార్ఫు, కళ్లలో కాస్త కొంటెతనం. అయినా సరే, మంచివాడు మాత్రం కాడు.

ఇక ఆ మొదటి ఎపిసోడ్ కథ. లండన్‌లో కోల్ హిల్ అనే బడి. బార్బరా రైట్ హిస్టరీ చెబుతుంది, ఇయన్ చెస్టర్టన్ సైన్సు చెబుతాడు. జాక్వెలిన్ హిల్, విలియం రస్సెల్ ఆ పాత్రలు వేశారు. వాళ్ల క్లాసులో సుసాన్ ఫోర్‌మన్ అనే అమ్మాయి. కొన్ని విషయాల్లో టీచర్లకంటే ఎక్కువ తెలుసు, కొన్నింట్లో చంటిపిల్లకు తెలిసింది కూడా తెలియదు. ఒకచోట డబ్బు లెక్క అడిగితే తడబడుతుంది. ఇక్కడ ఇంకా దశాంశ పద్ధతి రాలేదు కదా, మర్చిపోయాను అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, పౌండుకు ఇరవై షిల్లింగులు, అదీ అప్పటి వాళ్ల లెక్క. బ్రిటన్‌లో దశాంశ పద్ధతి వచ్చింది 1971లో! అంటే ఎనిమిదేళ్ల ముందే ఆ పిల్ల చేత చెప్పించారు. మనకు నయా పైసలు 1957లోనే వచ్చేశాయి. కాబట్టి సుసాన్ మన బళ్లో కూర్చుని ఆ మాట అంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

అదే ఎపిసోడ్‌లో ఇంకో చిన్న సంగతి ఉంది. బార్బరా ఆ అమ్మాయికి ఫ్రెంచి విప్లవం మీద పుస్తకం ఇస్తుంది. సుసాన్ పేజీలు తిప్పుతూ, ఇది తప్పు, ఇలా జరగలేదు అంటుంది. చూసినవాడు దిద్దినట్టు! గమనించారా? సీజన్ చివరి కథ ఫ్రెంచి విప్లవం గురించే. కావాలని పెట్టారో, అలా కుదిరిందో, నాకు మాత్రం అది చాలా ఇష్టం.

పిల్ల ఇంటి సంగతేమిటో చూద్దామని టీచర్లిద్దరూ రాత్రిపూట ఆమె వెనకాలే వెళ్తారు. రికార్డుల్లో ఉన్న చిరునామా టాటర్స్ లేన్‌లో 76వ నంబరు. తీరా చూస్తే అది పాత సామాన్ల దొడ్డి. అందులో ఒక పోలీసు బాక్సు. అప్పట్లో లండన్ వీధుల్లో పోలీసులకు ఫోన్ చేయడానికి నీలం రంగు పెట్టెలుండేవి, అలాంటిది. తోసుకుని లోపలికి వెళ్తే వెలుగులు నిండిన పెద్ద గది. బయట పెట్టె, లోపల గది! ఆ షాకు ఇవాళ చూసినా పనిచేస్తుంది. ఎందుకంటే అంతకుముందు పావుగంట మనకు చూపించినవన్నీ మామూలు బడి, మామూలు క్లాసు, మామూలు టీచర్ల కబుర్లు.

ఆ పెట్టే టార్డిస్. దాని యజమాని డాక్టర్, సుసాన్‌కి తాతయ్య. మరి ఆయన ఏం చేస్తాడు? వాళ్లను వదిలేస్తే బయట చెబుతారని భయపడి, సుసాన్ వద్దు వద్దంటున్నా వినకుండా, టార్డిస్‌ని లేపేస్తాడు. సూటిగా చెప్పాలంటే కిడ్నాప్ చేస్తాడు. ఈ సీరియల్ ఇద్దరు టీచర్ల కిడ్నాప్‌తో మొదలైంది. ఇవాళ ఈ మాట ఎవరికీ గుర్తుండదు.

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు గురించి ఒక్క మాట. ముందురోజు, నవంబరు 22న, అమెరికాలో కెనెడీ హత్య. ప్రపంచమంతా ఆ వార్తలోనే ఉంది. సాయంత్రం 5 గంటల 15 నిమిషాలకు రావలసింది నిమిషం పైచిలుకు ఆలస్యంగా మొదలైంది. చూసింది 44 లక్షల మంది. తర్వాతి శనివారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్లీ వేశారు.

టైటిల్ సంగీతం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ట్యూను కట్టింది గ్రైనర్, కానీ మనం వినే శబ్దం డెలియా డెర్బీషైర్‌ది. బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో ఆమె పనిచేసేది. అప్పటికి సింథసైజర్లు అందుబాటులో లేవు. ఒక తీగను మీటిన శబ్దం, ఆసిలేటర్లనే ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి వచ్చే శబ్దం, వీటిని టేపు మీద ఎక్కించి, ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క కావలసిన శ్రుతికి తెచ్చి, కావలసిన పొడవుకు బ్లేడుతో కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించింది. పాటంతా అలాగే! డిక్ మిల్స్ సాయపడ్డారు. గ్రైనర్ విని ఆశ్చర్యపోయి, క్రెడిట్‌లో ఆమెకూ వాటా ఉండాలన్నారు. బీబీసీ నియమాలు ఒప్పుకోలేదు. టార్డిస్ లేచేటప్పుడు వచ్చే ఆ ఈడ్పు శబ్దం ఉంది కదా, అది బ్రయన్ హాడ్జ్‌సన్ పని. పాత పియానో తీగ మీద ఇంటి తాళంచెవితో గీకి, ఆ శబ్దాన్ని మార్చి మార్చి తయారుచేశారు. టైటిల్స్‌లో తేలే ఆ మబ్బుతెరలు బెర్నార్డ్ లాడ్జ్‌వి. కెమెరాను దాని బొమ్మే కనపడే మానిటర్ వైపు తిప్పితే వచ్చే రూపాలవి. ఇవన్నీ చేతిపనులు. ఇప్పటికీ పాతబడలేదు.

ఇక నా వాదనకు వస్తాను. మొదటి కథలో వీళ్లు ఆదిమానవుల కాలంలో పడతారు. నిజం చెప్పాలంటే ఆ మూడు ఎపిసోడ్లు సాగతీతే, నిప్పు ఎవరు చేస్తే వాడు నాయకుడు అనే గొడవ. కానీ మూడో ఎపిసోడ్‌లో ఒక చిన్న దృశ్యం ఉంది, దాన్ని వదలొద్దు. నలుగురూ తప్పించుకుని అడవిలో పరుగెడుతున్నారు. వెంబడిస్తున్న జా అనేవాణ్ని ఏదో జంతువు చీరేస్తుంది. పారిపోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. బార్బరా ఆగిపోతుంది. మనిషి చచ్చిపోతుంటే వదిలేసి వెళ్లడమేమిటంటుంది. మొయ్యడానికి ఏర్పాటు చేస్తారు. డాక్టర్‌కి ఇది నచ్చదు. మెల్లగా పక్కకు వంగి, ఒక పదునైన రాయి చేతిలోకి తీసుకుంటాడు. దెబ్బతిని పడున్నవాడి దగ్గరకు వెళ్తాడు. ఇయన్ ఆ చెయ్యి పట్టుకుంటాడు. ఏం చేస్తున్నావని అడుగుతాడు. టార్డిస్‌కి దారి గీయమని అడుగుదామనుకున్నాను, అంటాడు డాక్టర్.

ఆలోచించండి. దారి గీయించుకోవడానికి వెళ్లే మనిషి చేతిలో రాయినలా పట్టుకుంటాడా? పిల్లలు చూసే సీరియల్‌లో, మూడో వారానికే, కథానాయకుడనుకున్నవాడు గాయపడ్డ మనిషిని చంపబోయాడు. అతన్ని ఆపింది ఒక బడి పంతులు. అప్పుడు ఇయన్ చేతిలో ఆయుధం లేదు, మంత్రం లేదు. ఊరికే చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాతి కథ డాలెక్‌లది, అంటే ఇనుప తొడుగుల్లో తిరిగే జీవులది. టెర్రీ నేషన్ రాశారు. స్కారో అనే గ్రహం, యుద్ధంతో బూడిదైపోయింది. దూరంగా ఒక నగరం కనిపిస్తుంది. అందరూ వెళ్లిపోదామంటారు. డాక్టర్‌కి ఆ నగరం చూడాలని ఆశ. ఏం చేశాడు? టార్డిస్‌లో ఒక భాగం పాడైంది, దానికి పాదరసం కావాలి, నగరంలో దొరకొచ్చు అన్నాడు. అబద్ధం! తన సరదా కోసం అందరినీ రేడియేషన్ నిండిన చోటికి తీసుకెళ్లాడు, నలుగురూ జబ్బుపడ్డారు. నిజం బయటపడ్డప్పుడు ఇయన్ ముఖం చూడాలి మీరు.

డాలెక్ మొట్టమొదట ఎలా కనిపించింది? కనిపించనే లేదు. 1963 డిసెంబరు 21న వచ్చిన ఎపిసోడ్ చివర, బార్బరా ఒక ఇనుప గోడకు వీపు ఆనించి అరుస్తుంది. ఆమె వైపు కదిలి వచ్చేది ఒక చెయ్యి మాత్రమే. ఆ చెయ్యేమిటంటే, సింకు మూసుకుపోతే మనం వాడే రబ్బరు ప్లంజరు! అంతే. దాంతో దేశమంతా వారం రోజులు ఎదురుచూసింది. జాక్వెలిన్ హిల్ ఆ భయాన్ని ఎంత నిజంగా చూపించిందంటే, ఎదురుగా ఉన్నది ప్లంజరన్న ఆలోచనే మనకు రాదు. డాలెక్ రూపం గీసింది రేమండ్ క్యూసిక్. లోపల మనిషున్నట్టు తెలియకూడదని కాళ్లు కనపడకుండా చేశారు. నటుడు లోపల చిన్న సీటు మీద కూర్చుని పాదాలతో నెట్టుకుంటూ వెళ్తాడు. డబ్బుల్లేక నాలుగే చేశారు. గుంపు చూపించాలంటే వెనక ఫొటో కటౌట్లు నిలబెట్టేవాళ్లు.

న్యూమన్ షరతు గుర్తుంది కదా? రాక్షసులు వద్దని. డాలెక్‌లను చూసి ఆయనకు కోపం వచ్చింది. అంతకుముందు స్క్రిప్టు చదివిన సీరియళ్ల విభాగం అధిపతి డొనాల్డ్ విల్సన్‌కీ నచ్చలేదు. లాంబర్ట్ పట్టు వదల్లేదు. ఇవి రాక్షసులు కావు, ఒకప్పటి మనుషుల్లాంటివాళ్లే యుద్ధం వల్ల ఇలా అయ్యారంది. ఆ కథ ముగిసేనాటికి చూసేవాళ్లు కోటి దాటారు. ఆ తర్వాత మారుమాట్లాడినవాళ్లు లేరు. డాలెక్‌ల బొమ్మలు, ఆట సామాన్లు తెగ అమ్ముడయ్యాయి, నేషన్‌కి ఆ ఆదాయంలో వాటా వచ్చింది. క్యూసిక్ జీతానికి పనిచేసే ఉద్యోగి కాబట్టి రాయల్టీ లేదు. ఆ రూపాన్ని ప్రపంచంలో పసిపిల్లవాడు కూడా గుర్తుపడతాడు, గీసిన మనిషి పేరు మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఇవాళ ఈ సభలో ఆయన పేరు గట్టిగా చెబుతున్నాను. రేమండ్ క్యూసిక్.

డాలెక్‌లే ఈ సీజన్ అనుకునేవాళ్లు ఎక్కువ. నేను అలా అనుకోను. అసలు మలుపు మూడో కథలో ఉంది. ఇదెందుకు వచ్చిందో తెలుసా? బీబీసీ అప్పటికి 13 ఎపిసోడ్లకే మాట ఇచ్చింది. మొదటి కథకు నాలుగు, డాలెక్‌లకు ఏడు, మొత్తం పదకొండు అయ్యాయి. రెండు మిగిలాయి. డబ్బుల్లేవు. కొత్త సెట్టు వేయలేరు, కొత్త నటులను పెట్టలేరు. స్టోరీ ఎడిటర్ డేవిడ్ విటేకర్ ఆ నలుగురినీ టార్డిస్‌లోనే ఉంచి రెండు ఎపిసోడ్లు రాసిచ్చారు. ఓడ ఆగిపోతుంది. అందరికీ ఏదో మతిభ్రమణం. ఒకరి మీద ఒకరికి అనుమానం. టీచర్లే ఓడను పాడుచేశారంటాడు డాక్టర్.

అప్పుడు బార్బరా అతని మీద విరుచుకుపడుతుంది. గుహలో నిన్ను కాపాడింది ఎవరు, డాలెక్‌ల నగరంలో నీ అబద్ధం వల్ల మేం పడ్డ బాధలేమిటి, మా కాళ్ల మీద పడి కృతజ్ఞత చెప్పాల్సిన మనిషివి నువ్వు, మమ్మల్నే అంటావా అని కడిగేస్తుంది. 1964లో, పిల్లల సీరియల్‌లో, ఒక ఆడ టీచరు ఒక పెద్దాయన్ని నిలబెట్టి అడిగిన మాటలివి. వెనక్కి తగ్గదు. ఓడ తమకు ఏదో చెప్పాలని చూస్తోందని ముందు పసిగట్టేది కూడా ఆమే. తీరా చూస్తే ఒక స్విచ్చి కింద స్ప్రింగు ఇరుక్కుపోయింది, అంతే!

ఆ తర్వాత దృశ్యం చూడండి. డాక్టర్ ఆమె దగ్గరకు వస్తాడు. క్షమాపణ అడగడం అతనికి అలవాటు లేని పని, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఒకరినొకరు తెలుసుకునే కొద్దీ మనల్ని మనమే తెలుసుకుంటాం అన్న అర్థం వచ్చే మాట అంటాడు. బయట మంచు. ఆమెకు తనే కోటు అందిస్తాడు, నీలాంటి మనిషిని మేం జాగ్రత్తగా చూసుకోవాలంటాడు, చెయ్యి ఆసరా ఇచ్చి బయటికి తీసుకెళ్తాడు. మొదటి కథలో రాయి పట్టుకున్న చెయ్యి అది. డబ్బుల్లేక తీసిన ఆ రెండు ఎపిసోడ్లు లేకపోతే డాక్టర్ మారడానికి కారణమే ఉండేది కాదు.

నాలుగో కథ మార్కో పోలో. జాన్ లుకరోటీ రచన, ఒక్క ఎపిసోడ్ తప్ప మళ్లీ వారిస్ హుస్సేనే దర్శకుడు. ఏడు ఎపిసోడ్లు. ఇందులో ఒక్కటీ మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో తర్వాత చెబుతాను. కథ 1289లో. మార్కో పోలో కుబ్లాయ్ ఖాన్ కొలువులో ఇరుక్కుపోయాడు, వెనిస్‌కి పోవాలని ఆరాటం. టార్డిస్‌ని ఖాన్‌కి కానుకగా ఇస్తే వదిలేస్తాడని దాన్ని లాక్కుంటాడు. మార్కో పోలో అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? మోటుపల్లి! ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ రేవు గురించి, అక్కడి రాణి న్యాయంగా పాలించడం గురించి, వజ్రాల గురించి, సన్నని బట్టల గురించి ఆయన పుస్తకంలో ఉంది. ఆ రాణి రుద్రమదేవేనని మన చరిత్రకారులు చెబుతారు. చందుపట్ల శాసనం ప్రకారం ఆమె చనిపోయింది కూడా ఆ 1289లోనే. ఆ కథలో మన ఊసు లేదనుకోండి. కానీ మార్కో పోలో గోబీ ఎడారి దాటుతుంటే, అదే సమయంలో ఇక్కడ ఏం జరుగుతోందో నాకు గుర్తురాకుండా ఉండదు.

గోబీలో వీళ్ల నీళ్లు తెగానా అనే దుర్మార్గుడు పారబోస్తాడు. అందరూ దాహంతో పడిపోతారు. టార్డిస్ లోపలి గోడలకు రాత్రి చలికి పట్టిన చెమ్మను పట్టి, దాంతో బతికి బయటపడతారు. ఆవిరి చల్లబడితే నీరవుతుందన్న పాఠం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెప్పారు! ఏ పిల్లాడు మర్చిపోతాడు? న్యూమన్ కోరుకున్నది ఇదే. ఒక లోపం కూడా చెప్పాలి. చైనా వాళ్ల వేషాల్లో ఎక్కువమంది రంగు పూసుకున్న తెల్ల నటులే. అజ్టెక్ కథలోనూ అంతే. ఆనాటి టీవీ అంతా అలాగే ఉండేది. అయినా ఇవాళ ఆ ఫొటోలు చూస్తే కళ్లకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

అయిదోది కీస్ ఆఫ్ మారినస్, ఏడోది సెన్సొరైట్స్. వీటి దగ్గర ఆగను. మొదటిది వారానికో చోట తిరిగే నిధి వేట, రెండోది మంచి ఆలోచనతో మొదలై నీరసపడిపోతుంది. సుసాన్‌కి కొంచెం పని దొరికింది సెన్సొరైట్స్‌లోనే. లేకపోతే ఆ పాత్రకు అరవడం, కాలు బెణకడం తప్ప మిగిలిందేమీ లేదు. మొదటి ఎపిసోడ్‌లో అంత ఆశ్చర్యంగా కనిపించిన అమ్మాయిని అలా వృథా చేశారు. సుసాన్ వేషం వేసిన కరోల్ ఆన్ ఫోర్డ్ రెండో సీజన్‌లోనే వెళ్లిపోయింది. నేను ఆమెను తప్పుపట్టను.

ఇక ఆరో కథ, అజ్టెక్స్, అంటే పాత మెక్సికోలోని అజ్టెక్ జనం కథ. నాలుగు ఎపిసోడ్లు, 1964 మే, జూన్‌లో వచ్చాయి. ఈ సీజన్‌లో ఒక్కటే చూస్తామంటే ఇదే చూడండి. వీళ్లు ఒక సమాధిలో దిగుతారు. బార్బరా అక్కడి కంకణం తీసి చేతికి వేసుకుంటుంది. పెద్ద పూజారి యెటాక్సా ఈమె రూపంలో మళ్లీ పుట్టాడనుకుని జనం ఆమెకు మొక్కుతారు. దేవత అయిపోయింది! ఆమె హిస్టరీ టీచరు కదా, ఆమెకు తెలుసు. ఈ నరబలులు మాన్పిస్తే, రేపు స్పెయిన్ నుంచి కోర్టెస్ వచ్చినప్పుడు ఈ నాగరికతలోని మంచినైనా మిగలనిస్తారేమో అనుకుంటుంది. డాక్టర్ వద్దంటాడు. చరిత్రలో ఒక్క గీత కూడా మార్చలేవంటాడు. ఆ మాట అంటున్నప్పుడు హార్ట్‌నెల్ గొంతు వినండి. నాకు తెలుసు, నమ్ము, నాకు తెలుసు అంటాడు. ఎప్పుడో తనూ ప్రయత్నించి ఓడిపోయిన మనిషి గొంతు అది.

బార్బరా వినదు. వాన కోసం ఇస్తున్న బలిని ఆపమని దేవతగా ఆజ్ఞ వేస్తుంది. బలికి సిద్ధమైన మనిషి ఏం చేశాడు? తన గౌరవం పోయిందని గుడి మీద నుంచి తానే దూకేశాడు. వాన కురిసింది. ఇంకేముంది, బలి వల్లే వాన వచ్చిందన్నాడు బలిపూజారి ట్లోటాక్సల్. ఒక నమ్మకాన్ని ఆజ్ఞతో మార్చలేమని ఇంత సూటిగా చెప్పిన సీను నేను టీవీలో ఎక్కువ చూడలేదు. చివరికి ఆమె ఓడిపోతుంది. ఆమె మాట నమ్మిన ఆట్లాక్ అనే పూజారి మాత్రం అన్నీ వదిలేసి, సత్యం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. నాగరికతను కాపాడలేకపోయావు, ఒక్క మనిషికి మేలు చేశావు కదా అని ఓదారుస్తాడు డాక్టర్. గమనించండి, ఇప్పుడు ఓదారుస్తున్నది ఆయన.

అదే కథలో కమేకా అనే పెద్దావిడ ఉంది. డాక్టర్ ఆమెకు కోకో కాచి ఇస్తాడు. అక్కడ దానర్థం పెళ్లి చేసుకుంటావా అని! వెళ్లిపోయేటప్పుడు ఆమె ఇచ్చిన పతకాన్ని సమాధిలోనే పెట్టేస్తాడు. నాలుగడుగులు వేస్తాడు. ఆగుతాడు. వెనక్కి వచ్చి దాన్ని తీసుకుని జేబులో వేసుకుంటాడు. మాట లేదు. 55 ఏళ్లు దాటిన ఆ నటుడు, అప్పటిదాకా సార్జెంటు వేషాలకు, కఠినమైన మనుషుల వేషాలకు పేరుపడ్డవాడు, ఆ ఒక్క క్షణంలో డాక్టర్ మనసేమిటో చూపించేశాడు.

చివరి కథ రెయిన్ ఆఫ్ టెర్రర్. డెన్నిస్ స్పూనర్ రచన. ఫ్రాన్స్, విప్లవ నాయకుడు రోబెస్పియర్ పతనమయ్యే రోజులు. బార్బరా ఇక్కడ లియోన్ కోల్బేర్ అనే అతనితో స్నేహంగా ఉంటుంది. అతను విప్లవకారుల గూఢచారి అని తేలుతుంది, చంపేస్తారు. మోసగాడికి తగిన శాస్తి జరిగిందన్నట్టు మాట్లాడతాడు ఇయన్. బార్బరా ఒప్పుకోదు. మీకు ద్రోహి, అతని పక్షానికి దేశభక్తుడు. విప్లవమంతా చెడ్డది కాదు, దానికోసం నిజాయితీపరులు ప్రాణాలిచ్చారు. ఎవరికి ఏది తగునో తీర్పు చెప్పేముందు చరిత్ర పుస్తకం తిరగేసి చూసుకో అంటుంది. ఇంగ్లిష్ టీవీలో ఫ్రెంచి విప్లవం అంటే గిలటిన్, పాపం దొరలు, అంతే కదా? ఆ మాట ఆ టైములో, పిల్లల ముందు, ఒక హిస్టరీ టీచరు చేత చెప్పించారు. అందుకే ఆమె నాకు హీరో.

మరి మార్కో పోలో ఏమైంది? అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది, తుడిచేసి మళ్లీ వాడుకునేవాళ్లు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీలు కూడా పనైపోయాక పారేశారు. ఈ సీజన్‌లో 42కి 33 మిగిలాయి. మార్కో పోలో ఏడు, రెయిన్ ఆఫ్ టెర్రర్‌లో నాలుగు, అయిదు ఎపిసోడ్లు పోయాయి. అయితే శబ్దం మాత్రం అన్నిటిదీ ఉంది. ఎవరి వల్ల? ప్రసారమవుతున్నప్పుడు ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకున్న అభిమానుల వల్ల! కొందరు అప్పటికి బడి పిల్లలు. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెరను వరసగా ఫొటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్మేవారు. ఆ ఫొటోలు మార్కో పోలోలో ఆరు ఎపిసోడ్లవి దొరికాయి. శబ్దానికి ఆ ఫొటోలు జతచేసి ఇప్పుడు చూడొచ్చు. రెయిన్ ఆఫ్ టెర్రర్‌లో పోయిన రెండింటికి యానిమేషన్ చేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు, చెబుతాను. మొదటి ఎపిసోడ్ ఒక్కటి చూడండి. ఆదిమానవుల భాగంలో, ఆ రాయి దృశ్యం ఉన్న సీజన్ మూడో ఎపిసోడ్ చూస్తే చాలు. తర్వాత డాలెక్‌లు ఏడూ, వెంటనే టార్డిస్‌లో జరిగే ఆ రెండూ. ఆ మూడు కథల మధ్య వేరేది పెట్టకండి, డాక్టర్ ఎలా మారాడో తెలియకుండా పోతుంది. అక్కడి నుంచి నేరుగా అజ్టెక్స్. మార్కో పోలో శబ్దం రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఒక్కసారే అన్నీ చూసేయొద్దు, ఇది వారానికొకటి చూడటానికి తీసింది. వరసపెట్టి చూస్తే సాగతీత బాగా తెలుస్తుంది.

నేను చెప్పాల్సింది అయింది. ఇక మీరు అడగండి. డాక్టరే హీరో అనేవాళ్లు ముందు అడగండి, వాళ్ల మాట వినాలని ఉంది.